మూసీ తీరాన మన అమానత్

పండుగ ముగిసినా, వేసవి సెలవులు వచ్చినా మన కుటుంబాలు హైదరాబాదుకు బయలుదేరుతాయి. చార్మినార్, మక్కా మసీదు, గోల్కొండ కోట, సాలార్‌జంగ్ మ్యూజియం, జూపార్కు చూడడంతో యాత్ర పూర్తయిందని భావిస్తాము. లాడ్‌బజార్‌లో గాజులు కొని, పిల్లలకు ఐస్‌క్రీం తినిపించి తిరుగుబస్సు ఎక్కుతాము. ఇందులో ఆక్షేపించవలసినది ఏమీ లేదు. అయితే చార్మినార్‌కు వెళ్లే ఆటో నయాపూల్ దాటుతున్నప్పుడు నదికి ఇరువైపులా గుమ్మటాలతో, కమానులతో నిలిచిన మహాభవనాలు కొన్ని కనిపిస్తాయి. ఒకటి ఆసుపత్రి, ఒకటి న్యాయస్థానం, ఒకటి కళాశాల, ఒకటి గ్రంథాలయం. జబ్బు చేస్తే మొదటిదానికి, వ్యాజ్యం వస్తే రెండవదానికి వెళ్తాము. చూడడానికి మాత్రం ఎవరమూ వెళ్లము.

భూమిపై సంచరించి, గతించిన జాతుల పర్యవసానాన్ని పరిశీలించమని దివ్యఖుర్ఆన్ మనకు పలుచోట్ల బోధిస్తుంది. ఆ బోధ శిథిలాలకే పరిమితం కాదు. ఒక సమాజం తన సొమ్మును దేనిమీద వెచ్చించింది, కష్టకాలంలో ఏమి నేర్చుకున్నది, నేర్చుకున్నదాన్ని ఎలా నిలబెట్టుకున్నది అన్న ప్రశ్నలకు సమాధానం దాని ప్రజాభవనాలలో దొరుకుతుంది.

నేను బోధించే మదర్సా నల్లగొండ జిల్లాలో ఉన్నది. పై తరగతుల విద్యార్థులను వెంటబెట్టుకొని ఏటా ఒకరోజు ఈ భవనాలను చూపించడం కొన్నేళ్లుగా అలవాటు చేసుకున్నాను. ఆ అనుభవంతో, పాఠక సోదర సోదరీమణులు తమ పిల్లలతో ఈ యాత్ర చేయడానికి వీలుగా నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

వరద నేర్పిన పాఠం

యాత్ర ఇమ్లీబన్‌లోనే ఆరంభమవుతుంది. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ మూసీ నది నడుమనే నిర్మితమైనది. ఇమ్లీబన్ అంటే చింతతోపు. బస్సు దిగగానే నదిని చూసి మా విద్యార్థులు ముక్కు మూసుకుంటారు. ఈ నది వారికి కొత్తది కాదు. నగరపు మురుగును మోసుకొని మా జిల్లా పొలాల మీదుగా ప్రవహించి, వాడపల్లి వద్ద కృష్ణలో కలిసేది ఇదే. మా పిల్లలకు మూసీ అంటే కాలువలో తేలే నురగ, పొలంలో వాసన. ఈ నది ఒకప్పుడు ఒక నగరాన్నే మార్చివేసిందని వారికి ముందు చెప్పవలసి ఉంటుంది.

1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరద సుమారు 15,000 మంది ప్రాణాలను బలిగొన్నదని అంచనా. ఉత్తరపు ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. దాని ఆవరణలోని ఒక చింతచెట్టు కొమ్మలెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు నేటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. నగరంలో మా విద్యార్థులకు నేను మొట్టమొదట చూపించేది ఆ చెట్టునే.

ఆనాటి పాలకుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. మరుసటి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను హైదరాబాదుకు పిలిపించారు. వరదను నగరానికి ఎగువనే నిలువరించాలనీ, నది ఒడ్డులను కట్టుదిట్టం చేయాలనీ, మురుగునీటికి భూగర్భ మార్గం ఏర్పరచాలనీ ఆయన సూచించారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో, 1912లో, నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. 1920లో మూసీపై ఉస్మాన్ సాగర్, 1927లో ఈసీ నదిపై హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. మృత్యువు విలయతాండవం చేసిన తీరంలోనే న్యాయస్థానం, పాఠశాల, ఆసుపత్రి, గ్రంథాలయం ఒకటొకటిగా లేచాయి. విపత్తు తరువాత ఆనాటివారు కేవలం కన్నీరు కార్చి ఊరుకోలేదని ఈ క్రమమే చెబుతుంది.

న్యాయస్థానం

దక్షిణపు ఒడ్డున ఉన్న హైకోర్టు భవన నిర్మాణం 1915లో మొదలైంది. 1920 ఏప్రిల్ 20న ప్రారంభోత్సవం జరిగింది. గులాబీ వన్నె గ్రానైటు, ఎర్ర ఇసుకరాయి కలిసిన ఈ కట్టడానికి నమూనా గీసినవారు జయపురానికి చెందిన శంకర్‌లాల్. నిర్మాణం జరిపించినవారు స్థానిక ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్. కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ నిర్మాణాన్ని పర్యవేక్షించిన ఆంగ్లేయ వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ ఈ పనిలో పాలుపంచుకున్నారు. ఒక హిందువు, ఒక ముస్లిం, ఒక క్రైస్తవుడు కలిసి మలచిన భవనం ఇది. రాళ్లెత్తిన కూలీల పేర్లు మాత్రం ఏ ఫలకంపైనా కనిపించవు.

గేటు వద్దకు చేరగానే ఒక విద్యార్థి నన్ను అడిగాడు: “హజ్రత్, మన మీద ఏ కేసూ లేదు కదా, కోర్టులోకి మనల్ని ఎందుకు రానిస్తారు?” ఈ ప్రశ్న ఒక్క పిల్లవానిది కాదు. మన ఇళ్లలో పెద్దల మనసులలో కూడా ఇదే ఉన్నది. కోర్టు, పోలీసు, కచేరీ అనే మాటలు వినగానే మనవారి గుండె జారుతుంది. నిజానికి మన దేశపు న్యాయస్థానం బహిరంగ న్యాయస్థానం. భద్రతా నియమాలకు లోబడి, గుర్తింపు కార్డు చూపి, పాస్ తీసుకొని విచారణ ఎలా జరుగుతుందో చూడడానికి పౌరునికి అవకాశమున్నది. ముందుగా ఒక న్యాయవాది సాయం తీసుకుంటే పని సులువవుతుంది. ఫోను జేబులో పెట్టి, నోరు మెదపకుండా నిలబడాలి. ఫోటోలు తీయరాదు.

మా విద్యార్థులు హిదాయాలో ఖాజీ ధర్మాలను వివరించే అధ్యాయాన్ని చదువుతారు. వాది ప్రతివాదులిద్దరినీ కూర్చోబెట్టడంలో, వారివైపు చూడడంలో, వారి మాట వినడంలో ఖాజీ సమానత్వం పాటించాలని అక్కడ ఉంటుంది. ఒక హాలులో గోడకు చేరి నిలబడి, ఇరుపక్షాల న్యాయవాదులకూ న్యాయమూర్తి వంతులవారీగా అవకాశమివ్వడం చూసినప్పుడు వారికి ఆ పాఠం జ్ఞాపకం వచ్చింది. బయటికి వచ్చాక ఆ అధ్యాయంపైనే అరగంట చర్చ జరిగింది. తరగతి గదిలో అంత చర్చ ఎన్నడూ జరగలేదు.

అక్కడే మరొక విషయం కూడా గమనించాము. వెనుక బల్లపై కూర్చున్న ఒక రైతు తన కేసులో ఏమి జరిగిందో ఇతరులను అడిగి తెలుసుకుంటున్నాడు. వాదనలన్నీ ఆంగ్లంలో సాగాయి. నిజాం కాలంలో ఇదే భవనంలో వ్యవహారమంతా ఉర్దూలో సాగేది. తెలుగు రైతుకు అప్పుడూ ఒక అనువాదకుడు కావలసి వచ్చాడు, ఇప్పుడూ కావలసి వస్తున్నాడు. భవనపు అందాన్ని కొనియాడేవారు ఈ వాస్తవాన్ని కూడా పిల్లలకు చూపించాలి.

హైకోర్టుకు సమీపంలోనే సిటీ కాలేజీ ఉన్నది. 1921లో సిటీ హైస్కూలు ఈ భవనంలోకి మారింది. నేటికీ అది ప్రభుత్వ కళాశాల. పేదవాని బిడ్డ ఇంత ఎత్తైన కమానుల కింద కూర్చుని చదువుకుంటున్నాడు. దాని గేటు ముందు ఐదు నిమిషాలు నిలబడి చూసినా చాలు.

ఆసుపత్రి

నయాపూల్ దాటి ఉత్తరపు ఒడ్డుకు వస్తే, హైకోర్టుకు ఎదురుగా నది ఆవల నిలిచినట్లు ఉస్మానియా ఆసుపత్రి కనిపిస్తుంది. వరదలో కొట్టుకుపోయిన ఆసుపత్రికి బదులుగా దీనిని 1925 నాటికి పూర్తిచేశారు. వైద్యాలయాలను రాజప్రాసాదాల స్థాయిలో నిర్మించడం ముస్లిం నాగరికతలో పాత సంప్రదాయం. డమాస్కస్‌లో నూరుద్దీన్ జంగీ 1154లో నెలకొల్పిన బీమారిస్తాన్, కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన బీమారిస్తాన్ అందుకు నిదర్శనాలు. రోగికి గౌరవమివ్వాలన్న భావన ఆ గోడలలోనే కనిపించేది.

మన సోదరీమణులు తెలుసుకోవలసిన విషయం మరొకటి ఉన్నది. పాత అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కాలంలో, 1888-89లో, క్లోరోఫాం మత్తుమందుపై ప్రసిద్ధమైన పరిశోధనలు హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో జరిగాయి. వాటితో సంబంధమున్న వైద్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ మహిళ. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్య నిపుణురాలిగా ఆమెను పరిగణిస్తారు. ఆడపిల్లకు చదువెందుకని నేటికీ అడిగేవారికి నూటముప్పై ఏళ్లనాటి ఈ నగరమే సమాధానం చెబుతున్నది.

అయితే ఆ గుమ్మటాల కిందికి నేడు వెళ్లేవారికి మనసు కలుక్కుమంటుంది. 2020 జూలైలో కురిసిన వర్షాలకు నీరు వార్డులలోకి చేరింది. పాత భవనంలోని రోగులను ఖాళీ చేయించి, ఆ భవనాన్ని మూసివేశారు. వరద అనంతరం కట్టిన ఆసుపత్రి వాననీటికే మూతపడింది. పాత భవనాన్ని కూల్చి కొత్తది కట్టాలని కొందరు, దానిని బాగుచేసి వాడుకోవాలని కొందరు ఏళ్ల తరబడి వాదించారు. చివరకు 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. రోగికి మంచి గది, మంచి పడక దొరకడమే అన్నింటికన్నా ముఖ్యం, అందులో సందేహం లేదు. కానీ ఒక కట్టడం ఒక్క వర్షంతో పాడవదు. పైకప్పుపై మొలిచిన రావిమొక్కను పీకకుండా, పగులును పూడ్చకుండా ఎన్నో ఏళ్లు గడిస్తేనే అంతటి భవనం కురుస్తుంది.

ఆసుపత్రికి యాత్రికులుగా వెళ్లేటప్పుడు ఒక మర్యాద పాటించాలి. అది వినోదస్థలం కాదు. గుంపుగా వార్డులలో తిరగరాదు, రోగుల ఫోటోలు తీయరాదు. బయటి నుంచి భవనాన్ని, ఆవరణలోని చింతచెట్టును చూసి, వీలైతే తోడులేని ఒక రోగిని పరామర్శించి, ఒక పండ్ల పొట్లం ఇచ్చి రావాలి. రోగిని పరామర్శించడం దైవప్రవక్త (స) నేర్పిన సున్నత్. ఈ యాత్రలో అదీ ఒక భాగమైతే పిల్లలకు జీవితాంతం గుర్తుంటుంది.

గ్రంథాలయం

అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం పూర్వనామం కుతుబ్‌ఖానా ఆసఫియా. సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ చొరవతో 1891లో ఇది ఆరంభమైంది. 1936లో మూసీ తీరాన నేటి భవనంలోకి మారింది. తెల్లని ఎత్తైన గోడలు, విశాలమైన హాలు, మెట్లెక్కగానే తగిలే పాత కాగితపు వాసన ఎవరినైనా కట్టిపడేస్తాయి. లోపలికి వెళ్లడానికి ఎవరి సిఫారసూ అవసరం లేదు. హాలులో ఎక్కువగా కనిపించేది ఉద్యోగ పరీక్షలకు సిద్ధమవుతున్న యువతీయువకులు. జిల్లాల నుంచి వచ్చి, చిన్న గదులలో ఉంటూ, పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టుకొని సాయంత్రం దాకా చదువుకునే బిడ్డలు వీరు. మా విద్యార్థులలో ఒకడు అక్కడ తెలుగు, ఉర్దూ, అరబీ పుస్తకాలు ఒకే కప్పు కింద ఉండడం చూసి, సాయంత్రం వరకూ కదలనన్నాడు. జుహర్ నమాజుకు పిలిస్తే గాని లేవలేదు.

ఈ గ్రంథాలయం చూసినవారు సుల్తాన్‌బజార్ వైపు వెళ్లి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని కూడా తప్పక చూడాలి. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు ప్రభృతులు 1901లో దానిని స్థాపించారు. రాజ్యంలో అధికసంఖ్యాకుల భాష తెలుగు అయినా, పాలనలోనూ ఉన్నత విద్యలోనూ దానికి చోటు లేని కాలమది. దర్బారు ఇవ్వనిదాన్ని ప్రజలు తమ చందాలతో నిర్మించుకున్నారు. ఒకదానిలో ప్రభుత్వపు ఔదార్యం, మరొకదానిలో ప్రజల పట్టుదల కనిపిస్తాయి. రెండూ చూసినవానికే హైదరాబాదు చరిత్ర పూర్తిగా అర్థమవుతుంది.

శాసనసభ

సమయముంటే సాయంత్రం పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్లవచ్చు. అక్కడి తెల్లని శాసనసభ భవనం మొదట టౌన్‌హాల్. ఆరవ నిజాం నలభయ్యవ జన్మదినాన్ని పురస్కరించుకొని నగర ప్రజలు ఇచ్చిన చందాలతో 1905లో పునాది వేసి, 1913లో పూర్తిచేశారు. పాలకుని పేరిట ప్రజలు కట్టిన భవనం చివరకు ప్రజాప్రతినిధుల సభ అయింది. 1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో శాలిబండ నుంచి గెలిచిన మాసూమా బేగం ఈ సభలో కూర్చున్నారు. తరువాత ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గంలో స్థానం పొందారు. మన ఆడపిల్లలకు ఈ పేరు తెలియదు. ఆ భవనం ముందు నిలబెట్టి చెబితే ఇక మరువరు.

ఎవరి సొత్తు?

ఈ భవనాలను చూసినప్పుడల్లా మనవారిలో కొందరు ఛాతీ విరిచి, “ఇవన్నీ మన నవాబులు కట్టించినవే” అంటారు. కట్టించిన మాట నిజమే. కానీ ఆ మాట దగ్గరే ఆగిపోతే రెండు నష్టాలున్నాయి.

మొదటిది, అది సగం నిజం. ఆ ఖజానా నిండినది రైతు కట్టిన శిస్తుతో. మా నల్లగొండ జిల్లాలో దొరల కింద, జాగీర్దార్ల కింద వెట్టిచాకిరి చేసినవారి చెమట ఈ రాళ్లలో ఉన్నది. వారిలో అన్ని కులాలవారు, అన్ని మతాలవారు ఉన్నారు. ఆ రైతులే 1940వ దశకంలో తిరగబడ్డారన్న సంగతిని దాచి, భవనాల వైభవం మాత్రమే చెప్పడం న్యాయసమ్మతం కాదు. సాక్ష్యం మన బంధువులకు వ్యతిరేకమైనా సత్యమే పలకమని మన ధర్మం ఆదేశిస్తున్నది.

రెండవ నష్టం ఇంకా పెద్దది. “మన పూర్వీకులవి” అనుకునేవారు గొప్పలు చెప్పుకొని ఊరుకుంటారు. “మనకు అప్పగించినవి” అనుకునేవారే కాపాడతారు. ప్రజాధనాన్ని గురించి ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) ఉదంతం ప్రసిద్ధమైనది. ప్రభుత్వపు పని ముగిసి సొంత విషయం మాట్లాడవలసి వచ్చినప్పుడు, ప్రజాధనంతో వెలిగే దీపాన్ని ఆర్పివేసి సొంత దీపం వెలిగించుకున్నారని చెబుతారు. ఒక దీపపు నూనె విషయంలోనే అంత జాగ్రత్త అవసరమైతే, ఆసుపత్రి గోడపై పాన్ ఉమ్మివేసేవాడు, కోర్టు స్తంభంపై పేరు చెక్కేవాడు, గ్రంథాలయ పుస్తకంలో పేజీ చించుకునేవాడు ఏమి సమాధానం చెప్పగలడు? సామాన్యుని మాట సంగతి అలా ఉంటే, మరమ్మతు నిధులకు బాధ్యులైన అధికారులు, పాలకులు ఎంత జవాబుదారులు!

కాపాడడమంటే కేవలం చెయ్యి అంటకుండా ఉండడం కాదు, అవసరమైనప్పుడు నోరు విప్పడం కూడా. కొత్త శాసనసభ కోసం ఇర్రం మంజిల్ ప్రాసాదాన్ని కూల్చాలని ప్రభుత్వం నిర్ణయించినప్పుడు కొందరు పౌరులు హైకోర్టును ఆశ్రయించారు. 2019 సెప్టెంబర్‌లో న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. ఎవరూ వీధిలో రాయి విసరలేదు. పిటిషన్ వేశారు, వాదించారు, గెలిచారు. ఇప్పుడు హైకోర్టే తరలిపోనున్నది. రాజేంద్రనగర్‌లో కొత్త ప్రాంగణానికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. న్యాయమూర్తులు, కక్షిదారులు వెళ్లిపోయాక మూసీ ఒడ్డున ఖాళీ అయ్యే ఆ భవనానికి ఉస్మానియా ఆసుపత్రి గతి పట్టకూడదు. ఖాళీ కాకముందే దానిని దేనికి వినియోగిస్తారని అడగవలసిన హక్కు, బాధ్యత మనకున్నాయి.

మీ ఊరిలో కూడా

ఈ యాత్రకు హైదరాబాదే రావలసిన పనిలేదు. గోదావరి జిల్లాల పాఠకులకు రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం 1890లో కట్టించిన టౌన్‌హాల్ ఉన్నది. చీరాల ప్రాంతంవారికి వేటపాలెంలో 1918 నుంచి నడుస్తున్న సారస్వత నికేతనం ఉన్నది. ప్రతి జిల్లా కేంద్రంలోనూ ఒక పాత కలెక్టరు కచేరీ, ఒక పెద్దాసుపత్రి, ఒక శాఖా గ్రంథాలయం ఉంటాయి. వాటిని ఎప్పుడు, ఎవరు, ఎవరి సొమ్ముతో కట్టారో ముందురోజు రాత్రి ఇంట్లో పెద్దలను అడిగి, పిల్లల చేత ఒక కాగితంపై వ్రాయించండి. శుక్రవారం, ఆదివారం సెలవుల విషయం ముందుగా విచారించుకోండి. అక్కడి ఉద్యోగిని “అన్నా” అని మర్యాదగా పలకరిస్తే, గేటు దగ్గర పనిచేసే మనిషే ఆ భవనం గురించి పుస్తకాలలో లేని సంగతులు చెబుతాడు.

మరొక్క విన్నపం. ఆడపిల్లలను ఇంట్లో విడిచిపెట్టి వెళ్లకండి. రేపు రేషను కార్డుకో, స్కాలర్‌షిప్పుకో, ఆస్తి హక్కుకో, వైద్యానికో ఆ మెట్లు ఎక్కవలసినవారిలో వారే ఎక్కువ. చిన్ననాడు తండ్రి చెయ్యి పట్టుకొని ఒకసారి ఎక్కిన మెట్లు పెద్దయ్యాక వారిని భయపెట్టవు. వచ్చే సెలవులలో మొదట మీ ఊరి గ్రంథాలయానికి వెళ్లి పిల్లల పేరిట సభ్యత్వం తీసుకోండి. తక్కిన భవనాలన్నీ ఆ తరువాత ఒక్కొక్కటిగా చూడవచ్చు, ఇన్షా అల్లాహ్.